ఉప్పుగాలిలో పాత కారు: మరమ్మతు ఖర్చును లెక్కగట్టే శాస్త్రం

అండమాన్ నికోబార్ ద్వీపాల్లో పన్నెండేళ్లు దాటిన కారు ఉన్న ప్రతి కుటుంబానికీ ఏదో ఒక రోజు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. మెకానిక్ షెడ్డు నుంచి వచ్చిన అంచనా చీటీ చేతిలో ఉంటుంది. ఆ డబ్బు పెట్టి కారును బాగుచేయించాలా, లేక వదిలించుకుని మరో కారు చూసుకోవాలా? చెన్నైలోనో విశాఖపట్నంలోనో ఈ ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు అందరూ ముందుగా ఇంజిన్ వైపు, తిరిగిన కిలోమీటర్ల వైపు చూస్తారు. ద్వీపాల్లో అలా చూస్తే లెక్క తప్పుతుంది. ఇక్కడ కారు ముసలిదయ్యేది కిలోమీటర్ల వల్ల కాదు, ఉప్పు వల్ల, తడి వల్ల. కాబట్టి మరమ్మతు డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నది కూడా తుప్పు రసాయనశాస్త్రమే చెప్పాలి. ఆ శాస్త్రాన్ని, దానితో ముడిపడిన డబ్బు లెక్కను ఈ పాఠంలో చూద్దాం.

తక్కువ తిరిగినా త్వరగా ముసలితనం

శ్రీ విజయపురం (2024 సెప్టెంబరు వరకు దీని పేరు పోర్ట్‌బ్లెయిర్) చిన్న నగరం. ఇల్లు, ఆఫీసు, బడి, బజారు అన్నీ కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఉంటాయి. ఉత్తరాన డిగ్లిపూర్ దాకా వెళ్లే అండమాన్ ట్రంక్ రోడ్డు తప్ప దూరప్రయాణానికి వేరే దారి లేదు. అందువల్ల ఇక్కడ పదేళ్ల కారు మీటరు చూస్తే మెయిన్‌ల్యాండ్‌లో నాలుగైదేళ్లకే తిరిగేంత దూరం కనిపించడం మామూలే. "తక్కువ తిరిగిన బండి" అని సెకండ్ హ్యాండ్ కొనుగోలుదారు సంతోషపడతాడు. కానీ ఆ కారు కింద పడుకుని చూస్తే వేరే కథ ఉంటుంది.

దీనికి వాతావరణమే మొదటి కారణం. ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ తడుపుతాయి. మే నుంచి డిసెంబరు వరకు వానలు దాదాపు ఆగవు. గాలిలో సాపేక్ష ఆర్ద్రత ఏడాదిలో చాలా కాలం 80 శాతం పరిసరాల్లో ఉంటుంది. చుట్టూ సముద్రం కావడంతో అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర ఉప్పు రేణువులుగా మారి గాలితో పాటు లోపలికి వస్తుంది.

రెండో కారణం ఆ చిన్న ప్రయాణాలే. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. దూరం నడిచే కారులో సైలెన్సర్ బాగా వేడెక్కి ఆ ఆవిరిని బయటికి తోసేస్తుంది. రెండు కిలోమీటర్లు నడిపి ఆపేసిన కారులో ఆవిరి చల్లబడి సైలెన్సర్ లోపలే నీరుగా నిలుస్తుంది. పొగలోని ఆమ్ల వాయువులు అందులో కరుగుతాయి. బయట ఉప్పు, లోపల ఆమ్లజలం. సైలెన్సర్ రెండు వైపుల నుంచీ తినబడుతుంది.

తుప్పు అంటే ఒక చిన్న బ్యాటరీ

ఇనుము తుప్పు పట్టడాన్ని మనం "పాడవడం" అంటాం. నిజానికి అది విద్యుత్ రసాయన చర్య. ఇనుప రేకు మీద తడి పొర ఏర్పడినప్పుడు ఒక చోట ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి అయాన్లుగా దిగిపోతాయి. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా పక్కకు ప్రయాణించి, గాలి నుంచి కరిగిన ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లను తయారుచేస్తాయి. ఈ రెండు రకాల అయాన్లు కలిసిన తర్వాత పుట్టే ఎర్రని పదార్థమే తుప్పు. బ్యాటరీలో ఉన్నట్టే ఇక్కడా ధన ధ్రువం, రుణ ధ్రువం, వాటి మధ్య విద్యుద్వాహక ద్రవం ఉన్నాయి. ద్రవం లేకపోతే బ్యాటరీ నడవదు. అందుకే పొడిగా ఉన్న ఇనుము ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది.

ఇక్కడ ఉప్పు మూడు పనులు చేస్తుంది.

మొదటిది, నీటి విద్యుద్వాహకతను పెంచుతుంది. మంచినీటిలో నెమ్మదిగా నడిచే ఆ చిన్న బ్యాటరీ ఉప్పునీటిలో వేగంగా నడుస్తుంది.

రెండోది, క్లోరైడ్ అయాన్లు లోహం మీద ఉండే సన్నని రక్షణ పొరను చిల్లులు పొడుస్తాయి. ఒకసారి పని చేసి అయిపోవు. తుప్పు పొర కింద ఉండి మళ్లీ మళ్లీ అదే పని చేస్తాయి. అందుకే పైన తుప్పు గీకి రంగు వేసినా, లోపల ఉప్పు మిగిలితే కొన్ని నెలల్లో అదే చోట రంగు ఉబ్బుతుంది.

మూడోది, చాలామంది గమనించనిది. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుని తనంతట తానే ద్రవంగా మారుతుంది. మామూలు వంట ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, గాలిలో ఆర్ద్రత సుమారు 75 శాతం దాటగానే కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం చాలు. ద్వీపాల్లో ఆర్ద్రత అంతకంటే తగ్గే రోజులు దాదాపు ఉండవు. అంటే వాన లేని రోజు కూడా, ఎండ కాస్తున్నప్పుడు కూడా, ఉప్పు పేరుకున్న రేకు సూక్ష్మస్థాయిలో తడిగానే ఉంటుంది. కెనడాలోనూ అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. అక్కడి తెలుగువారికి కారు కింద తుప్పు కొత్త కాదు. తేడా ఏమిటంటే అక్కడ ఉప్పు కాలం కొన్ని నెలలే, ఇక్కడ ఏడాది పొడవునా.

రేకు ఎన్నాళ్లు నిలుస్తుంది?

వాతావరణం లోహాన్ని ఎంత వేగంగా తింటుందో కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 9223. రంగు వేయని ఉక్కు పలకలను ఆరుబయట ఉంచి, ఏడాది తర్వాత ఎంత మందం పోయిందో చూస్తారు. మధ్యస్థ వాతావరణమైన సీ3లో మొదటి ఏడాది నష్టం 25 నుంచి 50 మైక్రాన్లు. సీ4లో 50 నుంచి 80. ఉష్ణమండల సముద్రతీరాలు చేరే సీ5లో 80 నుంచి 200. అన్నిటికన్నా తీవ్రమైన సీఎక్స్‌లో 200 నుంచి 700 మైక్రాన్లు. మన దేశంలో ఇలాంటి పరీక్షలకు పేరుపొందినది తమిళనాడులోని కారైకుడిలో ఉన్న సీఎస్‌ఐఆర్ కేంద్రీయ విద్యుత్ రసాయన పరిశోధన సంస్థ. దేశపు తుప్పు పటాన్ని తయారుచేసింది ఈ సంస్థే. మండపం తీరంలో దీనికి పరీక్షా కేంద్రం ఉంది.

ఇప్పుడు మన కారు సంగతి చూద్దాం. బాడీ రేకు మందం సుమారు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు, అంటే 700 నుంచి 800 మైక్రాన్లు. రంగు ఊడి, రెండు వైపులా తడి తగిలే చోట ఏడాదికి ఒక్కో వైపు 80 మైక్రాన్లు పోతే, 800 మైక్రాన్ల రేకు ఐదేళ్లలో చిల్లు పడుతుంది. ఇది సగటు లెక్క. నిజంలో తుప్పు గుంటలు గుంటలుగా లోతుకు దిగుతుంది కాబట్టి చిల్లు ఇంకా ముందే పడవచ్చు.

కార్ల కంపెనీలు రేకు మీద జింకు పూత వేసేది ఇందుకే. ఇనుము కంటే జింకు సులభంగా ఎలక్ట్రాన్లను వదులుతుంది. కాబట్టి ముందు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. ఈ ఉపాయం పాతదే. 1824లో ఇంగ్లండ్‌లో హంఫ్రీ డేవీ ఓడల అడుగున ఉండే రాగి రేకులను కాపాడటానికి వాటికి జింకు, ఇనుము ముక్కలు తగిలించి చూశాడు. కానీ కారు రేకు మీద జింకు పూత సాధారణంగా పది మైక్రాన్ల లోపే. సీ5 వాతావరణంలో రంగు లేని జింకు మొదటి ఏడాది 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది. అంటే రంగు గీసుకుపోయిన చోట జింకు రక్షణ ఒకటి రెండేళ్లకు మించదు. గీత పడిన వారంలోనే కడిగి, ఆరబెట్టి, ప్రైమర్, రంగు అద్దితే ఖర్చు కొన్ని వందలు. రెండేళ్లు వదిలేస్తే అదే చోట టింకరింగ్, వెల్డింగ్ ఖర్చు వేలలో ఉంటుంది.

వాన కడగని చోటే మొదట పోతుంది

"ఇన్ని వానలు పడుతుంటే ఉప్పు కడిగేయదా?" అని అడగవచ్చు. కడుగుతుంది, కానీ పైన మాత్రమే. బానెట్, రూఫ్, డోర్ల పైభాగం వానకు శుభ్రపడతాయి. వాన నేరుగా తగలని చోట్ల ఉప్పు పేరుకుంటూ పోతుంది, తేమ మాత్రం చేరుతూనే ఉంటుంది. సముద్రతీరంలో చూరు కింద ఉన్న లోహం ఆరుబయట లోహం కంటే వేగంగా తుప్పు పట్టడం ఇందువల్లే. కారులో ఆ చూరు చోట్లు ఇవి:

• చక్రాల పైన ఉండే మడ్‌గార్డ్ లోపలి అంచు. ఇక్కడ మట్టి, ఉప్పు కలిసి తడి గుడ్డలా అంటుకుని ఉంటాయి.

• డోర్ల కింద పొడవునా ఉండే గడప లాంటి పెట్టె భాగం. బయటికి బాగానే కనిపిస్తూ లోపలి నుంచి తినబడుతుంది.

• డోర్ల అడుగు అంచు. అక్కడ నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. ఆకులు, మట్టి అడ్డుపడితే డోరు లోపల నీరు నిలుస్తుంది.

• కాళ్ల కింద మ్యాట్లు, వాటి కింది కార్పెట్. గొడుగులు, తడిచెప్పుల నీరంతా ఇక్కడే చేరుతుంది.

• సస్పెన్షన్ బిగించిన చోట్లు, బ్రేకు గొట్టాలు, పెట్రోలు ట్యాంకు పట్టీలు.

ఈ చివరి వరుస అన్నిటికన్నా ముఖ్యమైనది. నేటి చిన్న కార్లలో లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు. రేకులన్నీ కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువు మోస్తుంది. దీన్ని మోనోకాక్ నిర్మాణం అంటారు. ఇంజిన్ పోతే మరో ఇంజిన్ వేయవచ్చు, క్లచ్ ప్లేటు పోతే మార్చవచ్చు. బరువు మోసే రేకులు పోతే మార్చడానికి విడిభాగం దొరకదు. కారు ఆయుష్షు తేల్చేది ఇంజిన్ కాదు, బాడీ అడుగు.

ఖర్చుకు ముందు ఒక గంట పరీక్ష

ఏ పెద్ద మరమ్మతుకైనా "సరే" అనేముందు కారు అడుగును పరీక్షించండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కారు కింద దూరకూడదు. షెడ్డులో గుంత మీద గానీ, గట్టి స్టాండ్ల మీద గానీ నిలిపిన తర్వాతే చూడండి.

స్క్రూడ్రైవర్ పిడితో గడప భాగాన్ని, చక్రాల లోపలి రేకును మెల్లగా తట్టండి. మంచి రేకు ఖంగున మోగుతుంది. తుప్పు పట్టినది మొద్దుగా, కరకరలాడుతున్నట్టు వినిపిస్తుంది. మొనతో నొక్కితే లోపలికి దిగితే ఆ రేకు అయిపోయినట్టే. ఒక చిన్న అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి. ఉక్కు బాడీ మీద అది అంటుకోని చోట రేకు బదులు పుట్టీ గానీ ఫైబర్ గానీ ఉంది. మ్యాట్లు ఎత్తి కార్పెట్ కింద చేయి పెట్టి చూడండి. డోర్ల అడుగు రంధ్రాల్లో సన్నని తీగ దూర్చి చూడండి.

చూసినదాన్ని మూడుగా విడదీయండి. పైపైన ఎర్రబడినది మొదటి రకం: గీకి, కడిగి, ప్రైమర్ వేస్తే ఆగుతుంది. డోరు, మడ్‌గార్డ్ లాంటి బరువు మోయని రేకుల్లో చిల్లులు రెండో రకం: చూడటానికి బాగుండదు గానీ ప్రమాదం కాదు, తీరిక చూసుకుని చేయించవచ్చు. గడపల్లో, సస్పెన్షన్ బిగింపుల్లో, సీటు బెల్టు బిగించిన చోట చిల్లులు మూడో రకం: ఇక్కడ పాత రేకు కోసి, సరైన మందం ఉన్న కొత్త రేకు వెల్డింగ్ చేయాలి. చిల్లు మీద పుట్టీ పూసి రంగు వేస్తే తుప్పు దాగుతుంది, ఆగదు. ఢీకొన్నప్పుడు ఆ చోటు కాగితంలా చిరుగుతుంది.

ముందు కొలత, తర్వాత కొనుగోలు

శ్రీ విజయపురం నుంచి చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతా ఒక్కొక్కటీ సుమారు 1,200 కిలోమీటర్ల దూరం. రైలు, రోడ్డు మార్గాలు లేవు. స్థానిక దుకాణంలో దొరకని విడిభాగం ఓడలోనో విమానంలోనో రావాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. విశాఖలోనో శ్రీకాకుళంలోనో బంధువులు ఉన్నవారు వారి ద్వారా సామాను తెప్పించుకోవడమూ ఉంది. ఏ దారిన వచ్చినా ధరకు రవాణా ఖర్చు, కారు నిలిచిపోయిన రోజులు కలుస్తాయి. అందుకే ఇక్కడ తప్పుడు నిర్ధారణ మెయిన్‌ల్యాండ్ కంటే ఖరీదైనది. అక్కడైతే తెచ్చిన భాగం కాదని తేలితే సాయంత్రానికి ఇంకోటి వస్తుంది. ఇక్కడ మళ్లీ ఓడ కోసం ఎదురుచూడాలి.

ఒక ఉదాహరణ చూడండి. ఉదయం కారు స్టార్ట్ కావడం లేదు, "టిక్ టిక్" మంటోంది. స్టార్టర్ మోటారు పోయిందని అనుకోవడం సులభం. కానీ ఉప్పుగాలిలో ముందు పోయేవి తీగల కలయికలు. మల్టీమీటర్‌తో బ్యాటరీ వోల్టేజి చూడండి. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి. తర్వాత మీటరు ఒక కొనను బ్యాటరీ నెగటివ్ ధ్రువానికి, రెండో కొనను ఇంజిన్ లోహానికి ఆనించి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. 0.2, 0.3 వోల్టుల కంటే ఎక్కువ తేడా కనిపిస్తే మోటారుకు వెళ్లే దారిలోనే అడ్డు ఉంది. ఎర్త్ తీగ చివర తుప్పు గీకి, బిగించి, పైన కొద్దిగా పెట్రోలియం జెల్లీ పూస్తే పని అయిపోవచ్చు. వేల రూపాయల మోటారుకూ ఒక ఉప్పుకాగితానికీ మధ్య తేడా ఈ ఒక్క కొలత.

బ్రేక్ ఆయిల్ కూడా కొలిచి చూడవలసినదే. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అందులో నీరు సుమారు 3.7 శాతానికి చేరితే మరిగే ఉష్ణోగ్రత కనీస హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. దిగుడు రోడ్డులో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ నేలకు తగులుతుంది. పైగా ఆ నీరే గొట్టాలను, సిలిండర్లను లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం చిన్న ఖర్చు. మాస్టర్ సిలిండర్ మార్చడం పెద్ద ఖర్చు.

ఏ మరమ్మతు ముందు, ఏది తర్వాత

డబ్బు ఒకేసారి సరిపోనప్పుడు ఈ వరుస పాటించండి.

మొదట ప్రాణానికి సంబంధించినవి: బ్రేకులు, స్టీరింగ్, టైర్లు, బరువు మోసే రేకులు. ద్వీపాల్లో దీనికి ఇంకో కారణం ఉంది. ట్రంక్ రోడ్డులో జిర్కాటాంగ్ దాటాక జారవాల రక్షిత ప్రాంతం గుండా వాహనాలు కాన్వాయ్‌గానే వెళ్లాలి. దారిలో ఆగడం నిషేధం. అక్కడ కారు మొరాయిస్తే పక్కన షెడ్డు ఉండదు.

రెండోది ఆలస్యం చేస్తే ఖర్చు రెట్టింపయ్యేవి: కూలెంట్ కారడం, ఆయిల్ లీకు, మొదటి రకం తుప్పు, చినిగిన రబ్బరు బూట్లు. యాభై రూపాయల పైపు బిగింపు వదులైనా కూలెంట్ అంతా కారిపోతే ఇంజిన్ హెడ్ వంగిపోతుంది. రేడియేటర్‌లో బావినీరు పోయకండి. తీరప్రాంతపు బావుల్లో ఉప్పు ఉండవచ్చు. కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తోనే కలపాలి.

మూడోది సౌకర్యం, అందం: ఏసీ, రంగు, సీటు కవర్లు. ఇవి ఆగగలవు.

ఒక పనికి విప్పినప్పుడు అదే చోట త్వరలో పోయే చిన్న భాగాలను కూడా మార్చించండి. క్లచ్ కోసం గేరుబాక్సు దించినప్పుడు దాని వెనక ఉండే ఆయిల్ సీల్ మారిస్తే సీల్ ధర మాత్రమే అవుతుంది. ఆర్నెల్ల తర్వాత మారిస్తే కూలి మళ్లీ మొదటి నుంచి ఇవ్వాలి. ఫిల్టర్లు, బెల్టు, బ్రేకు ప్యాడ్లు, బల్బుల్లాంటివి కలిపి ఒకేసారి తెప్పించుకుంటే రవాణా ఖర్చు పంచబడుతుంది. ఇంకో మాట: మామూలు వాహన బీమా ప్రమాద నష్టానికి గానీ తుప్పుకు, అరుగుదలకు వర్తించదు. ఆ ఖర్చును మీరే ముందుగా పక్కన పెట్టుకోవాలి.

"చారాణా కోడికి బారాణా మసాలా" నిజమేనా?

కారు విలువ కంటే మరమ్మతు ఖర్చు ఎక్కువైతే చేయించకూడదని చాలామంది అంటారు. వినడానికి బాగున్నా ఆ సూత్రం సరైనది కాదు. మరమ్మతు ఖర్చును పోల్చవలసింది కారు విలువతో కాదు, మరో కారు ఉంచుకోవడానికి ఏటా అయ్యే ఖర్చుతో. అలాగే ఇప్పటికే పెట్టిన డబ్బును లెక్కలోకి తేకూడదు. "పోయినేడు నలభై వేలు పెట్టాం కదా" అనుకోవడం గతజల సేతుబంధనమే. ముందున్న ఖర్చే లెక్క.

ఒక ఊహాజనిత లెక్క వేద్దాం. మీ అంకెలు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. కారును ఉన్నదున్నట్టు అమ్మితే 80,000 రూపాయలు వస్తాయి. మరమ్మతుకు 60,000 కావాలి. ఆ తర్వాత కూడా ఏటా చిల్లర మరమ్మతులకు 25,000 పోతుంది. డబ్బు మీద వడ్డీ 7 శాతం.

మరమ్మతు చేయించి మూడేళ్లు వాడి, 40,000కు అమ్మారనుకోండి. ఇప్పుడు చేతిలోంచి పోయేది 1,40,000 (రాకుండా పోయిన 80,000, పెట్టిన 60,000). చివర 40,000 తిరిగి వస్తుంది. నికర నష్టం లక్ష, అంటే ఏడాదికి 33,300. చిల్లర మరమ్మతులు 25,000. వడ్డీ సుమారు 6,300. మొత్తం ఏడాదికి దాదాపు 64,600.

మరో దారి: ఐదు లక్షలకు కొంచెం కొత్త కారు కొని, ఎనిమిదేళ్లు వాడి లక్షకు అమ్మడం. తరుగుదల ఏడాదికి 50,000. సగటున చిక్కుకున్న మూడు లక్షల మీద వడ్డీ 21,000. నిర్వహణ 12,000. అదనపు బీమా 6,000. మొత్తం ఏడాదికి 89,000. అంటే ఈ అంకెల్లో పాత కారునే బాగుచేయించడం ఏడాదికి 24,000 పైగా లాభం.

ఇప్పుడు ఒక్క అంకె మార్చండి. గడపలు తుప్పు పట్టి ఉన్నాయి కాబట్టి మరమ్మతు చేయించినా కారు ఒక్క ఏడాదే నిలుస్తుంది, అప్పుడు 50,000 వస్తుంది. నష్టం 90,000, చిల్లర 25,000, వడ్డీ 6,650. ఏడాదికి 1,21,650. లాభం నష్టంగా తిరగబడింది. రెండేళ్లు నిలిచి 45,000 వస్తే ఏడాది ఖర్చు సుమారు 79,000, మళ్లీ పాత కారే మేలు.

ఈ లెక్క చెప్పేది ఒక్కటే. నిర్ణయాన్ని తేల్చేది మరమ్మతు ఎంతవుతుందన్నది కాదు, చేసిన మరమ్మతు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది. ద్వీపాల్లో ఆ కాలాన్ని నిర్ణయించేది కారు అడుగు రేకు. అందుకే ఇంజిన్ పనికి డబ్బు ఇచ్చేముందు స్క్రూడ్రైవర్ పరీక్ష.

పదిహేనేళ్ల మైలురాయి

సొంత వాడకపు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది. పరీక్షలో నెగ్గితే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ పొడిగింపు రుసుము కారుకు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. 2021లో వచ్చిన తుక్కు విధానం ప్రకారం నమోదైన కేంద్రంలో పాత కారు అప్పగిస్తే డిపాజిట్ ధ్రువపత్రం ఇస్తారు. దానితో కొత్త సొంత కారుకు రోడ్డు పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వవచ్చు. కారును ఏ కేంద్రానికి చేర్చాలి, ఓడ కిరాయి ఎవరు భరించాలి అన్నది రవాణా కార్యాలయంలో ముందే అడిగి ఆ ఖర్చునూ లెక్కలో కలపండి. పద్నాలుగో ఏడాదిలో పెద్ద మరమ్మతు వస్తే, రాబోయే పరీక్షలో ఏమేమి అడుగుతారో కూడా చూసుకుని ఆ పనులు కలిపి చేయించడం తెలివైన పని.

నీరు తక్కువ, కడగడం తప్పదు

తుప్పుకు అన్నిటికన్నా చవకైన మందు మంచినీరు. ఉప్పు నీటిలో కరుగుతుంది, కడిగితే పోతుంది. చిక్కు ఏమిటంటే నగరానికి ప్రధాన ఆధారమైన ధనీఖారీ జలాశయంలో మట్టం తగ్గే వేసవిలో ఇంటికే నీరు చాలదు. ఉన్న నీటిని ఎక్కడ వాడాలో తెలిస్తే రెండు బకెట్లు సరిపోతాయి. పైభాగం తడిగుడ్డతో తుడిస్తే చాలు. నీరంతా చక్రాల లోపలికి, కారు అడుగుకు, డోర్ల అంచులకు పోయండి. వానాకాలంలో ఇంటి కప్పు నీటిని డ్రమ్ములో పట్టి ఉంచుకుంటే ఈ పనికి అది చాలా మంచిది. సముద్రపు నీరు, ఉప్పదనం ఉన్న బావినీరు మాత్రం వద్దు. చాతమ్-బంబూ ఫ్లాట్ మధ్య వాహనాల ఫెర్రీ ఎక్కిన రోజు, 2004 సునామీ తర్వాత నేల కుంగిన సిప్పీఘాట్ లాంటి చోట పోటు నీటిలో చక్రం తడిసిన రోజు అదే సాయంత్రం అడుగు కడగాలి.

కడిగాక ఆరనివ్వాలి. తడి కారు మీద ప్లాస్టిక్ కవరు కప్పితే ఆవిరి లోపలే తిరుగుతుంది. గాలి ఆడే షెడ్డు మేలు. సముద్రానికి ఎదురుగా కాక ఇంటికి వెనక వైపు నిలిపినా తేడా ఉంటుంది. తీరం నుంచి కొన్ని వందల మీటర్లు లోపలికి వెళ్లేసరికే గాలిలో ఉప్పు బాగా తగ్గుతుంది.

అడుగుకు పాత ఇంజిన్ ఆయిల్ పూయడం మానండి. అది కొంత రక్షణ ఇస్తుంది నిజమే, కానీ రబ్బరు బుష్‌లను ఉబ్బింపజేస్తుంది. వానకు కారి నేలలోకి, అక్కడి నుంచి పగడపు దిబ్బలున్న సముద్రంలోకి చేరుతుంది. తుప్పు మీదే మందపాటి తారు పూత వేయించడమూ పొరపాటే. దాని కింద తడి చిక్కుకుని తుప్పు కనబడకుండా సాగుతుంది. ముందు గీకడం, మంచినీటితో ఉప్పు కడగడం, బాగా ఆరబెట్టడం, జింకు ఎక్కువగా ఉన్న ప్రైమర్ వేయడం, ఆ తర్వాతే పూత. పెట్టె భాగాల లోపలికి మైనం లాంటి స్ప్రే కొట్టిస్తే వాన కడగని చోట్లకు కూడా రక్షణ అందుతుంది.

గుర్తుంచుకోవలసినవి

• ద్వీపాల్లో కారు వయసును మీటరుతో కాదు, అడుగు రేకుతో కొలవాలి.

• సముద్రపు ఉప్పు ఎండలో కూడా తేమను పట్టి ఉంచుతుంది. వాన కడగని చోట్లను మనమే కడగాలి.

• కొలిచి చూడకుండా విడిభాగం తెప్పించవద్దు.

• మరమ్మతు ఖర్చును అది నిలిచే ఏళ్లతో భాగించి, మరో కారు ఏడాది ఖర్చుతో పోల్చాలి.

• బరువు మోసే రేకు పోయిన కారులో కొత్త ఇంజిన్ వేయడం దండగ. రేకు గట్టిగా ఉన్న కారును చిన్న మరమ్మతుకు భయపడి అమ్ముకోవడమూ నష్టమే.

అభ్యాసం: ఒక నోటుపుస్తకంలో గత రెండేళ్ల మరమ్మతులను ప్రాణం, ఆలస్యం, సౌకర్యం అని మూడు వరుసల్లో రాయండి. ఈ ఆదివారం కారు అడుగున కనిపించిన తుప్పు చోట్లను ఫోనులో ఫొటో తీసి తేదీ రాయండి. ఆరు నెలల తర్వాత అవే చోట్లను మళ్లీ తీసి పోల్చండి. మచ్చ పెరిగిన వేగమే మీ కారుకు ఇంకా ఎన్నాళ్లు డబ్బు పెట్టవచ్చో చెబుతుంది.